ఉద్దానములో మూతపడిన ఇండ్లు

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దాటి, పలాస మీదుగా ఇచ్ఛాపురము వైపు పోవు ప్రయాణికునకు కుడిచేతి వైపున, రైలుమార్గమునకును సముద్రమునకును నడుమ, పచ్చని తోటల సీమ కనబడును. ఇదియే ఉద్దానము. ఉద్యానవనమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని ఇక్కడివారు అర్థము చెప్పుదురు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములలో ఈ సీమ వ్యాపించియున్నది. నేల ఇసుక పాలు ఎక్కువైనది. కొబ్బరి, జీడిమామిడి, పనస దీని ప్రధాన ఫలసంపద. పలాస, కాశీబుగ్గలలోని జీడిపప్పు కార్ఖానాల వలన ఈ సీమ పేరు దేశమంతట వినబడుచున్నది.

ఇట్టి పచ్చని చోట ఏ ఊరి వీధిలో నడచినను తాళము పడిన ఇల్లు ఒకటైనను కనబడును. కొన్నింటికి తాళము తుప్పుపట్టినది. కొన్నింటికి తాళమున్నది గాని తలుపు లేదు. ఊరి వెలుపల తోటలలో కావలివాని పాక కూలి, నుయ్యి పూడి, కంచె చెదలుపట్టి కనబడును. కొత్తగా వచ్చినవారు ఇది చూచి, ఇక్కడి జనులకు సొంతఊరిపై మమకారము లేదనుకొందురు. చరిత్ర అట్లు చెప్పదు. ఈ ఇండ్లన్నియు ఒక్కనాడు మూతపడలేదు. ఒక్క కారణమున మూతపడలేదు. ఒక్కొక్క తలుపు వెనుక ఒక్కొక్క సంవత్సరమున్నది. ఆ సంవత్సరములను వరుసగా పేర్చిన ఉద్దానపు చరిత్రయగును.

ఒక గోడ, రెండు ఇండ్లు

ముందు ఇక్కడి ఇంటి కట్టుబడిని తెలిసికొనవలెను. శ్రీకాకుళము జిల్లా కోస్తా పల్లెలలో పాత వీధులు పొడవైనవి. వీధికి రెండు వైపులను ఇండ్లు ఒకదానిని ఒకటి ఆనుకొని వరుసగా ఉండును. ఇంటి ముఖము ఇరుకు, లోతు ఎక్కువ. ముందు అరుగు, తరువాత వీధి గది, ఆ వెనుక నడిమిల్లు, వంటిల్లు, చివర పెరడు, పశువుల సాల. అరుగులు ఒక ఇంటి నుండి మరియొక ఇంటికి సాగిపోవును. అన్నిటికంటె ముఖ్యమైన విషయము, ఇరుగుపొరుగు ఇండ్లకు నడిమి గోడ ఒక్కటియే. గాలివానల సీమలో ఇట్లు ఆనుకొనియుండుట బలము. గోడ ఖర్చును ఇద్దరు పంచుకొనుట పొదుపు.

ఈ పొత్తు గోడయే ఇల్లు మూతపడినపుడు కష్టమునకు మూలమగును. మట్టిగోడ, గడ్డికప్పు గల ఇంటికి మనిషి వాడుకయే మరమ్మతు. పొయ్యి వెలిగినంతకాలము పొగ కప్పునకు పట్టి పురుగును, చెదలును దూరముగా ఉంచును. పండుగకు ఇంటి ఇల్లాలు గోడకు మట్టి పూయును, పేడతో అలుకును. రెండు మూడేండ్లకొకసారి కప్పు తిరుగనేయుదురు. పొయ్యి ఆరిన యింట మొదట చెదలు వాసములకెక్కును. తరువాత నడికప్పు వంగును. వానాకాలమున నీరు నేరుగా గోడ తలపై పడును. తల తడిసిన మట్టిగోడ మొదట చెమ్మగిల్లి, పిదప పొరలు పొరలుగా జారును. అపుడు పొరుగింటివాని వంటింటిలో చెమ్మ కనబడును. యజమాని ఎక్కడనో ఉన్నాడు; గోడ ఇక్కడనున్నది. ఒక ఇల్లు మూతపడుట ఆ కుటుంబపు సొంత విషయమని ఇతర సీమలలో అనుకొనవచ్చును గాని, ఈ వీధులలో అట్లనుకొనుటకు వీలులేదు.

రంగం దారి

మూతపడిన తలుపుల చరిత్రలో మొదటి ప్రకరణము సముద్రము మీద వ్రాయబడినది. అపుడు ఈ ప్రాంతము గంజాం జిల్లాలోనిది. 1866 నాటి ఘోరమైన కరవు ఒరిస్సాతోపాటు గంజామును కూడ పీడించెను. అంతకుముందే, 1852లో, దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైయుండెను. 1869లో సూయెజ్ కాలువ తెరువబడిన పిదప బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. ఐరావతీ నదీముఖమున అడవులు నరికి వరి పండించిరి. రంగూనులో బియ్యపు మిల్లులు లేచినవి. ఆ మిల్లులకును, రేవునకును చేతులు కావలసివచ్చినవి. ఆ చేతులలో అనేకము తెలుగుసీమ నుండి వెళ్లినవే.

గోపాలపురము, బారువ, కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో స్టీమర్లు ఆగి జనులను ఎక్కించుకొనెడివి. రంగూనును మనవారు రంగమనిరి. రంగములోనివారు మనవారిని కోరంగీలనిరి. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరు తెలుగువారందరికిని అట్లు అంటుకొనెను. మేస్త్రీలు కుటుంబమునకు బయానా యిచ్చి కూలీలను తీసికొనిపోయెడివారు. ఆ బాకీ తీరువరకు తిరిగివచ్చుట కష్టము. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరమున సగమునకు పైగా భారతీయులే యుండిరి.

వెళ్లినవారిలో తిరిగివచ్చి ఇల్లు కట్టినవారు కలరు. బర్మా టేకు ద్వారబంధములు, పెట్టెలు కోస్తా పల్లెలలో నేటికిని అక్కడక్కడ కనబడును. బరువైన తలుపు, సన్నని మట్టిగోడ కలిసియున్న పాత ఇంటిని చూచినపుడు రంగపు సంపాదన గుర్తునకు వచ్చును. అదే బర్మాలో వడ్డీవ్యాపారము చేసిన తమిళదేశపు నాట్టుకోట్టై చెట్టియార్లు చెట్టినాడులో మేడలు కట్టిరి; అవియు నేడు చాలవరకు మూతపడినవి. వ్యాపారి మేడకును, కూలివాని టేకు తలుపునకును సంపద ఒక్కచోటి నుండియే వచ్చెను. మేడను చూచుటకు యాత్రికులు వచ్చుచున్నారు. తలుపును ఎవరును చూచుట లేదు.

తిరిగిరానివారి ఇండ్ల కథ వేరు. 1930 మే నెలలో రంగూను రేవునందు తెలుగు కూలీలు జీతము పెంపునకై సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె ముగిసి, బర్మీయులను తీసివేసి తిరిగి తెలుగువారిని పనిలో పెట్టునప్పటికి ఘర్షణ రేగి, నగరమంతట పాకి, అనేకులు మరణించిరి. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశము నుండి వేరు చేయబడెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చి 8న నగరము జపాను వశమయ్యెను. ఓడ దొరకని భారతీయులు లక్షల సంఖ్యలో అరకాను కొండల మీదుగాను, మణిపురము అడవుల మీదుగాను కాలినడకన వచ్చిరి. ఆకలి, కలరా, మలేరియాలకు త్రోవలోనే వేలమంది బలియైరి. అదే సంవత్సరము ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపైనను బాంబులు పడినవి.

ఇక్కడ ఇంటి తలుపు దగ్గర ఎదురుచూచినవారికి ఉత్తరము రాలేదు. మరణించినట్లు కబురు లేదు. బ్రదికియున్నట్లు కబురు లేదు. కబురు లేనివాని వాటాను పంచుట ఎట్లు? అమ్ముట ఎట్లు? ఇట్లు పంపకము కాని ఇల్లు మూతపడియే యుండును. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వము వచ్చి, 1963, 1964లలో వ్యాపారములను జాతీయము చేసిన తరువాత మరల లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపను పేట ఆ రాకను నేటికిని తెలుపుచున్నది. బారువ రేవున నేడు ఓడ ఆగదు.

దూలము కొరకు పోరాటము

ఊరిలో మిగిలినవారికి ఇల్లు నిలుపుకొనుట సులభముగా జరుగలేదు. ఈ సీమయందలి గ్రామములు చాలవరకు మందస, టెక్కలి మొదలగు జమీందారీల క్రిందివి. అడవి కలపపై జమీందారునకు హక్కు. ఇంటి దూలమునకును, నాగలికిని కలప కావలసినది రైతునకు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు ఈ తాలూకాలు గంజాము నుండి విడిపోయి విశాఖపట్టణము జిల్లాలో చేరినవి గాని, జమీందారీ మారలేదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగెను. బారువలో జన్మించిన గౌతు లచ్చన్నగారు ఈ రైతు ఉద్యమమున ప్రముఖులు. కొలదిదినములకే, ఏప్రిల్ 1న, మందస ప్రాంతమునందలి గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులు జరిగి, నిండుగర్భిణియైన సాసుమాన గున్నమ్మ, మరికొందరు మరణించిరి. ఆ వివాదము అడవి కలపను గురించినది. ఒక ఇంటి దూలము వెల ఎంతయో తెలియగోరువారు ఈ సంఘటనను గుర్తుంచుకొనవలెను.

1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా యేర్పడెను. అయినను చిన్న కమతములు పెద్ద కుటుంబములను పోషింపజాలవు. సముద్రము దారి మూతపడగా రైలు దారి తెరచియే యుండెను. అండమాను దీవులు, హైదరాబాదు, గుజరాతు, అటుపిమ్మట గల్ఫు దేశములు రంగము స్థానమును ఆక్రమించినవి. ఈ వలసదారుల ఇండ్లు వేరు రకమువి. ఊరిలో సిమెంటు మేడ లేచును; అందులో ముసలి తల్లిదండ్రులు ముందుగదిలో నుందురు; మిగిలిన గదులకు తాళములు. సంక్రాంతికి అన్నియు తెరచుకొనును.

ఒక్క తెల్లవారుజాము

తోటలు విడువబడిన కథకు తేదీ స్పష్టముగా నున్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి వేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. తెల్లవారునప్పటికి కొబ్బరిచెట్లు మొదళ్లతో పెకలి, జీడిచెట్లు కొమ్మలు విరిగి పడియుండెను. ఉద్దానమునకు గాలివాన క్రొత్త కాదు. అయినను, వరి పోయిన రైతు మరుసటి యేడు మరల విత్తును. కొబ్బరి పోయిన రైతు మొక్క నాటి, కాపునకు ఆరేడు సంవత్సరములు కాచుకొనవలెను. ముప్పదియేండ్ల చెట్టు తాత నాటినది. మనుమడు దాని కాయలు అమ్మి చదువుకొనెను. ఆ చెట్టు పడినపుడు ఒక కుటుంబపు రెండు తరముల పొదుపు పడిపోయినట్లే.

తిత్లీ పిదప తోటలు రెండు విధములైనవి. ఓపికగలవారు మొదళ్లు తీయించి మరల నాటిరి. వయసు మళ్లినవారు, బిడ్డలు దూరదేశములలో నున్నవారు మొదళ్లు తీయించు కూలికే వెనుదీసిరి. అట్టి తోటను గుర్తించుట తేలిక. పడిన మ్రాను పడినట్లే పుచ్చిపోయియుండును. నడుమ తుప్ప పెరుగును. పాక స్థలమున పొయ్యిరాళ్లు మూడు మాత్రము మిగులును. ప్రక్కతోటలో క్రొత్తగా నాటిన చెట్లు కాపునకు వచ్చినచో, రెంటి నడుమనున్న కంచె ఒక కుటుంబమునకు కొడుకు ఊరిలోనున్నాడా లేడా యను ప్రశ్నకు జవాబు చెప్పును.

నూతిని విడిచిన ఊరు

అన్ని కారణములలోను విషాదకరమైనది నీటికి సంబంధించినది. 1990ల తరువాత ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి విస్తారముగా నున్నట్లు వైద్యులు గుర్తింపసాగిరి. మధుమేహము, రక్తపుపోటు లేనివారికి కూడ, ఎక్కువగా పొలముపనులు చేయువారికి, ఈ వ్యాధి వచ్చుచున్నది. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతపు వరిరైతులలోను, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెరకుతోట కూలీలలోను ఇట్టి వ్యాధియే కనబడినది. నీరు, నేల, ఎండలో శ్రమ, మందులు, వంశలక్షణము మొదలగువానిని పరీక్షించిరి. ఇదియే కారణమని నిశ్చయముగా తేలలేదు.

శాస్త్రము తేల్చకముందే జనులు తేల్చుకొనిరి. తరతరములుగా త్రాగిన పెరటి నూతిని విడిచిరి. ఇసుకనేలలో నీరు పైననే దొరకును గనుక ఇక్కడ ప్రతి పెరటిలోను నుయ్యి యుండెడిది. పెండ్లికూతురు అత్తవారింట మొదట చూచునది ఆ నుయ్యియే. నేడు మనుష్యులున్న ఇండ్లలో కూడ నూతిపై పలకలు మూయబడియుండుట చూడవచ్చును. వైద్యమునకై భూమి అమ్మి విశాఖపట్టణము చేరిన కుటుంబములు కలవు. ఇంటి యజమాని మరణించగా పుట్టింటికి మరలిన వితంతువులు కలరు. వారి ఇండ్లకు వేసిన తాళములు వలసవాని తాళముల వంటివి కావు. సంక్రాంతికి వాటిని తెరచువారు లేరు.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనా కేంద్రమును ప్రారంభింపబడినవి. అదే దినమున హిరమండలము జలాశయము నుండి వంశధార నీటిని ఉద్దానమునకు గొట్టముల ద్వారా తెచ్చు పథకము ప్రారంభమైనది. దీనికి సుమారు 700 కోట్ల రూపాయలు వ్యయమైనది. నీటిభయముతో ఊరు విడువదలచినవారికి ఉండుటకు ఇది యొక ఆధారము.

ఈ ఆధారమునకు కూడ ఒక వెల యున్నది. హిరమండలము జలాశయము కొరకు పాడలి, తులగాం, ఇరపాడు మొదలగు గ్రామములు ఖాళీ చేయవలసివచ్చెను. ఉద్దానమున ఇండ్లు నిలుచుటకు వచ్చు నీరు, వంశధార ఒడ్డున ఇండ్లు విడిచినవారి నేలమీద నిలిచిన నీరు. ఈ రెండు జనములును ఒకే జిల్లావారు. కుళాయి త్రిప్పునపుడు ఆ గ్రామముల పేర్లు తలచుకొనుట కనీస ధర్మము.

ఊరికి ఊరే

కుటుంబము ఇల్లు విడుచుట ఒకటి, ఊరు ఊరే లేచిపోవుట మరియొకటి. సంతబొమ్మాళి మండలమున మూలపేట వద్ద సముద్రపు రేవు నిర్మాణమునకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. దాని కొరకు మూలపేట, విష్ణుచక్రము గ్రామములవారికి నౌపడ సమీపమున పునరావాసము ఏర్పరచిరి. పూర్వము జనులు ఓడ ఎక్కుటకు ఇండ్లు విడిచిరి. ఇపుడు ఓడ వచ్చుటకు విడువవలసివచ్చెను. దీనివలన పని దొరకి దూరదేశములలోని బిడ్డలు తిరిగివచ్చినచో, కొన్ని తాళములు ఊడవచ్చును. ఆ ఫలము రాబోవు కాలము చెప్పవలసినది.

విడువమని నిలిచినవారి చరిత్రయు ఈ సీమకు కలదు. సోంపేట వద్ద బీల నేలలలో తలపెట్టిన బొగ్గు విద్యుత్కేంద్రమును రైతులు, మత్స్యకారులు ఎదిరించిరి. 2010 జూలై 14న జరిగిన కాల్పులలో ప్రాణనష్టము కలిగెను. ఆ కేంద్రము అక్కడ నిర్మింపబడలేదు. ఉద్దానమువారికి సొంతఊరిపై మమకారము లేదనువారు బీల గట్టుపై నిలిచి మరల ఆలోచించవలెను.

గ్రంథాలయమునకు తగిన పని

టెక్కలి సమీపమున తేలినీలాపురమను గ్రామమున్నది. ఏటా శీతకాలమునకు ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దూరము నుండి వచ్చి, ఊరిలోని చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను చేసి, వేసవినాటికి తరలిపోవును. అక్కడివారు వాటిని ఆడబిడ్డలవలె చూచుకొందురు. చెట్టు కొట్టరు, పక్షిని కొట్టనీయరు. వచ్చువారికొరకు చెట్టును కాపాడుట ఈ జిల్లాకు తెలిసిన విద్యయే. అదే శ్రద్ధ మూతపడిన ఇండ్లపై చూపవలసియున్నది.

ఇండ్లన్నిటిని నిలబెట్టుట ఎవరికిని సాధ్యము కాదు. మట్టిగోడ మట్టిలో కలియును. అది దాని స్వభావము. కాని ఇంటి కథ గోడతోపాటు కలియనవసరము లేదు. రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయము ఇందుకు పూనుకొనవచ్చును. వీధి వెంబడి నడచి, ఒక్కొక్క మూసిన ఇంటికి ఒక్కొక్క పుటను కేటాయించిన చాలును. ఇల్లు ఏనాటిది, ఎవరు కట్టిరి, ద్వారబంధపు కలప ఎక్కడిది, ఆఖరి పొయ్యి ఏ యేడు ఆరినది, వారసులు ఏ ఊరనున్నారు, నడిమి గోడ పొత్తు ఎవరితో. ఊరి పెద్దలు బ్రదికియుండగనే ఈ ప్రశ్నలకు జవాబులు దొరకును. రంగము పేరు చెవులారా విన్న తరము వేగముగా తరుగుచున్నది.

ఈ పుస్తకము వలన వ్యావహారిక ప్రయోజనము కూడ కలదు. వారసుల జాడ తెలిసినపుడు పొరుగువాడు గోడ మరమ్మతునకు ఉత్తరము వ్రాయగలడు. పంపకము కాని ఇంటికి అన్నదమ్ములను ఒక చోట కూర్చోబెట్టగలరు. విడిచిన తోటను కౌలుకు అడుగదలచిన యువకునకు ఎవరిని అడుగవలెనో తెలియును. దూరదేశమున నున్న మనుమడు పుట ఒకటి చదివి, తాత యిల్లు ఏ వీధిలో ఎన్నవదో తెలిసికొని, కప్పు వేయించుటకు పంపు సొమ్ముతో రెండిండ్ల గోడ నిలుచును.